ముప్పై ఆరో ప్లేటు

కోచ్ టూర్లలో గైడుగా కొత్తగా చేరిన కుర్రకారు అప్పుడప్పుడూ లండన్ శివారు ఇల్ఫర్డ్‌లో మా ఫ్లాట్‌కి వస్తుంటారు. మాస్టర్స్ పూర్తయి, వీసా గడువు దగ్గరపడి, దొరికిన పని పట్టుకున్న పిల్లలు. "అంకుల్, మీరు ఇరవై రెండేళ్లు చేశారు కదా, ఏదైనా టిప్ చెప్పండి" అంటారు. టీ ఇచ్చి మూడు ముక్కలు చెప్తాను. బోర్డర్ దగ్గర పాస్‌పోర్టులు లెక్కపెట్టుకోండి. ముసలివాళ్లున్న కోచ్‌లో టాయిలెట్ స్టాప్ దాటించకండి. మైకు చేతిలో ఉంది కదా అని వాగకండి. మూడోది చెప్పేటప్పుడు నాకు తెలియకుండానే గొంతు లేస్తుంది. పిల్లలు బిత్తరపోయి చూస్తారు. ఆ మైకులో నేను వాగిన ఒక్క వాక్యం తలుచుకుంటే ఇవాళ్టికీ ఒళ్లు మండిపోతుంది. ఎవరి మీద అంటారా? వరసగా చెప్తాను, మీరే తేల్చండి.

మాది యానాం. బళ్లో ఫ్రెంచ్ నేర్పేవారు. మా మాస్టారు క్రియారూపం తప్పితే తొడపాశం పెట్టేవారు, అందుకని ఆ భాష నాకు చర్మంలోంచి ఎక్కింది. లండన్ వచ్చాక అదే అన్నం పెట్టింది. ఇల్ఫర్డ్, గ్లాస్గో, బెల్‌ఫాస్ట్‌ల నుంచి తెలుగువాళ్లను ఎక్కించుకుని యూరప్ తిప్పే చిన్న కంపెనీలో ఫ్రాన్స్ టూర్లన్నీ నావే. అప్పట్లో మిగతా గైడ్లంతా ఏ ఊరు వెళ్లినా ఊరి బయట ఇండియన్ బఫేకి తోలుకెళ్లేవారు. అన్ని ఊళ్లలోనూ అదే ఎర్ర గ్రేవీ, అదే గులాబ్‌జామ్. ఇంత దూరం వచ్చి ఇదా తినేది అని నాకు ఒళ్లు మండేది. దక్షిణ ఫ్రాన్స్ పల్లెల్లో మధ్యాహ్నం పన్నెండు కాగానే ఊరు ఊరంతా భోజనానికి కూర్చుంటుంది. రెండు దాటితే పొయ్యి ఆర్పేస్తారు, మరి దేవుడొచ్చినా వడ్డించరు. అలాంటి చోట మనవాళ్లను కూర్చోబెట్టాలని ఆఫీసుతో నాలుగేళ్లు కొట్లాడాను. చివరికి "రోజుకో పూట లోకల్ భోజనం" అని బ్రోషర్‌లో వేశారు. అది నా సొంత గొప్ప. ఆ గొప్పే నన్ను ముంచింది.

కార్కసోన్ దాటాక ద్రాక్షతోటల మధ్య ఒక ఊళ్లో నాకు బాగా నచ్చిన రెస్టారెంటు ఉండేది. మొగుడూ పెళ్లాం నడిపేవారు, ఇద్దరికీ డెబ్భై దగ్గర. ఆవిడ వంటగదిలోంచి బయటికి వచ్చేది కాదు. ఆయనేమో తలుపు పక్కన గల్లాబల్ల దగ్గర ఫోను, రిజర్వేషన్ల పుస్తకం ముందు పెట్టుకుని కూర్చునేవాడు. ఫోను ఒక్కసారి మోగగానే తీసేవాడు. మనం చెప్పిన ప్రతి మాటా పైకి చదువుతూ పెన్సిల్‌తో రాసుకునేవాడు. చివర్లో ఎప్పుడూ ఒకటే అడిగేవాడు. "ఇంకేమైనా ఉందా?" నా ఫ్రెంచ్ విని మొదటిసారి పగలబడి నవ్వాడు. మా తాతగారు ఇలా మాట్లాడేవారయ్యా అన్నాడు. ఆరేళ్లలో ఒక్క బుకింగ్ కూడా ఆయన చేతిలో తప్పు పోలేదు. మా ఒక్క కంపెనీ నుంచే ఏడాదికి ఎనిమిది, తొమ్మిది కోచ్‌లు అక్కడ ఆగేవి. అంత చిన్న ఊళ్లో ఆ రెస్టారెంటు నడవడానికి అదో పెద్ద ఆధారం.

ఆ ఏడు జూన్ టూర్‌లో నలభై రెండు మంది. ఫారాల్లో ఆరుగురు వెజ్, ముప్పై ఆరుగురు నాన్‌వెజ్ అని టిక్ పెట్టారు. బీఫ్ వద్దు, పోర్క్ వద్దు అని నేనే ముందుగా చెప్పి ఉంచాను. అందుకని ఆవిడ మనవాళ్ల కోసం మటన్ వండుతానంది. గొర్రె జబ్బ మాంసం, తెల్ల చిక్కుడు గింజలు, వెల్లుల్లి అన్నీ ఒకే మట్టిపాత్రలో వేసి ఏడు గంటలు ఓవెన్‌లో మగ్గబెట్టే వంట. భోజనం శుక్రవారం.

లిమోజ్ దాటాక కోచ్ ఇంజన్ బెల్టు తెగింది. గ్యారేజీ దగ్గర ఒక రోజంతా పోయింది. ప్రయాణికులు నా నెత్తినెక్కారు. ఆ గొడవలో ఒక చెవి మూసుకుని రెస్టారెంటుకు ఫోన్ చేశాను. ముసలాయనే తీశాడు. శుక్రవారం రాలేం, శనివారం వస్తాం అన్నాను. శనివారం వాళ్ల బంధువులింట్లో బాప్టిజం విందట. అయినా ఒక్క క్షణం ఆలోచించి సరేనన్నాడు. పైకి చదువుతూ రాసుకున్నాడు. "శనివారం. నలభై రెండు మంది. పన్నెండున్నర. అదే వంట." ఆ తర్వాత ఎప్పటిలాగే, "ఇంకేమైనా ఉందా?"

"ఇంకేం లేదండీ" అన్నాను.

ఈపాటికి మీకు అర్థమైపోయి ఉంటుంది. నాకు మాత్రం అర్థం కాలేదు. పుట్టి బుద్ధెరిగాక మా ఇంట్లో శనివారం నీచు వండింది లేదు. మా అమ్మ శనివారం కోడిగుడ్డు పెంకు కనిపించినా గిన్నెలన్నీ మళ్లీ తోమేది. అలాంటి ఇంట్లో పుట్టినవాణ్ణి, శనివారం అని నా నోటితో నేనే చెప్పి, దాని అర్థం నాకు తట్టలేదు. ఫారంలో వెజ్, నాన్‌వెజ్ అని రెండే గళ్లున్నాయి. ఏ రోజు నాన్‌వెజ్, ఏ రోజు కాదు అనే గడి లేదు. మనవాళ్లకి కావలసింది ఆ మూడో గడి అని ఇరవై రెండేళ్లలో నా బుర్రకి రాలేదు. ఇంగ్లీషువాడు రాసిన ఫారంలో మనల్ని ఇరికించి, సరిపోయిందనుకున్నాను.

శనివారం పన్నెండున్నరకి కూర్చున్నారు. ముందు సలాడ్, రొట్టె వచ్చాయి. అందరూ తిన్నారు. ఫోటోలు తీశారు. వైఫై పాస్‌వర్డ్ అడిగితే ముసలాయన అట్టముక్క మీద రాసి టేబుల్ టేబుల్‌కీ తిరిగి చూపించాడు. తర్వాత ఆవిడే స్వయంగా వంటగదిలోంచి వచ్చి వడ్డించింది. ఆరుగురికి కూరగాయల వంటకం, ముప్పై ఆరుగురికి మటన్. వాసన ఎలా ఉందంటే, వెజ్ టేబుల్ వాళ్లు కూడా తలలు తిప్పారు.

అప్పుడు భీమవరం పెద్దావిడ, గ్లాస్గోలో కూతురి దగ్గరికి వచ్చినావిడ, ప్లేటు చూసి గుండెల మీద చెయ్యి వేసుకుంది.

"అయ్యబాబోయ్, ఇవాళ శనివారం కదండీ!"

అంతే. ఫోర్కు పైకెత్తిన ఆవిడ అల్లుడు దాన్ని చప్పుడు కాకుండా కింద పెట్టేశాడు. వాడు గ్లాస్గోలో శనివారం సాయంత్రం టేక్‌అవేలో చికెన్ తీసుకెళ్తాడని ముందురోజు కోచ్‌లో నాతో వాడే చెప్పాడు. "అత్తయ్య ముందు ఎలాగ అంకుల్" అని నాకు కళ్లతో సైగ చేశాడు. వాణ్ణి చూసి పక్కవాడు, పక్కవాణ్ణి చూసి ఆ పక్కవాడు. నిజంగా వారం పాటించేవాళ్లు సగం మంది ఉంటారేమో. వాళ్ల మీద నాకు కోపం లేదు, అది వాళ్ల నిష్ఠ. మిగతా సగానికి భక్తి ఆ నిమిషంలోనే పుట్టుకొచ్చింది. ఒక బెల్‌ఫాస్ట్ పిల్ల "బట్ మమ్, వి ఈట్ ఇట్ ఎట్ హోమ్!" అంది. వాళ్లమ్మ టేబుల్ కింద గిల్లింది.

వండినావిడ వంటగది గుమ్మంలో నిలబడి చూస్తోంది. గింజలైనా తింటారా అంది. అవీ మాంసంతోనే ఉడికాయి కదా. ఆమ్లెట్ వేస్తానంది. శనివారం గుడ్డు కూడా తినరన్నాను. అన్నం ఉందా అని ఎవరో అడిగారు. లేదు. కోచ్‌లోంచి ఆవకాయ సీసా వచ్చింది, చేగోడీల కవరు వచ్చింది. ఆవిడ కాల్చిన రొట్టెకు ఆవకాయ రాసుకుని, ఏడు గంటలు మగ్గిన మటన్‌ని మోచేత్తో పక్కకి తోసి తిన్నారు.

మటన్ తిన్నది ఒక్కడే. అనంతపురం నుంచి కొడుకు దగ్గరికి వచ్చిన రిటైర్డ్ హెడ్మాస్టరు. ఆయన భార్యకు ఆ రోజు ఒక్కపొద్దు. ఆవిడ పక్కనే ఉండగా ఆయన చేతులు కడుక్కుని వచ్చి కూర్చున్నాడు.

"ఏమప్పా, ఆయమ్మ పొద్దు పుట్టకముందే లేసి చేసింటాది. స్వామికి నేను సెప్పుకుంటాలే" అని ప్లేటు అంచు దాకా తుడిచి తిన్నాడు. వాళ్లావిడ లేచి నేరుగా వంటగదిలోకి వెళ్లింది. ఈవిడకు ఫ్రెంచ్ రాదు, వండినావిడకు తెలుగు రాదు. లోపల ఏం మాట్లాడుకున్నారో తెలియదు గానీ, చాలాసేపటికి కళ్లు తుడుచుకుంటూ బయటికి వచ్చింది. ముప్పై అయిదు ప్లేట్లు నిండుగా లోపలికి వెళ్లాయి. ముసలాయన ఒక్కొక్కటే రెండు చేతులతో పట్టుకుని తీసుకెళ్లాడు.

ఇక కోచ్ ఎక్కాక మొదలైంది. "ఏంటండీ గైడ్ గారూ, శనివారం నాన్‌వెజ్ పెట్టిస్తారా? తెలుగువాళ్లేనా మీరు?" వెనక నుంచి ఒకాయన, "రీఫండ్ అడగాల్సిందే" అన్నాడు. ఆకలి మీద ఉన్న ముప్పై అయిదు మంది, పైగా ఎండ. మైకు తీసుకున్నాను. పొరపాటు నాదేనండీ, ఫోన్లో చెప్పడం మరిచిపోయాను అంటే ఎంతసేపు తిడతారు? పది నిమిషాలు. మహా అయితే సాయంత్రం దాకా. ఆ పది నిమిషాలు పడలేకపోయాను.

"నేను ఫోన్లో స్పష్టంగా చెప్పానండీ, శనివారం మాంసం వద్దని. వాళ్లే మరిచిపోయారు" అన్నాను.

ఆడలేక మద్దెల ఓడు అంటారు. నేనైతే ఆ మద్దెలని పగలగొట్టే వచ్చాను. కోచ్ ఇంకా ఆ రెస్టారెంటు ముందే ఉంది. డ్రైవరు వెనక్కి తిప్పుతున్నాడు. ఆయన అట్టముక్క మీద రాసిచ్చిన వైఫైతోనే, అక్కడే, టకటకా ఒంటి చుక్క రివ్యూలు పెట్టారు మనవాళ్లు. ముందే చెప్పినా మాంసం పెట్టారు, మా మతాన్ని అవమానించారు అని రాశారు. కిటికీలోంచి చూస్తే ముసలాయన గుమ్మంలో నిలబడి, ఎప్పటిలాగే చెయ్యి ఊపుతున్నాడు. నేనూ ఊపాను. ఛీ!

ఇల్ఫర్డ్ ఆఫీసులో సోమవారం మేనేజరు కంప్లయింట్ ఫారం ముందు పెట్టాడు. గుంటూరు కుర్రాడు, నాకన్నా పాతికేళ్లు చిన్న. కారణం అనే చోట వాడే టైపు చేసేశాడు. సిబ్బంది సూచనలు ఇచ్చినా రెస్టారెంటు పాటించలేదు అని.

"అది కాదు బాబూ, అసలేం జరిగిందంటే..." అన్నాను.

"అంకుల్, అసలేం జరిగిందో నాకెందుకు? వాళ్లేమన్నా ఇల్ఫర్డ్ వచ్చి మనతో కొట్లాడతారా? మీ పెన్షన్‌కి ఇంకెంత ఉంది, ఏడాదిన్నరేనా? సంతకం పెట్టేసి పోండి, ఇంకోటి వెతుకుదాం."

వాడి మీద నాకు కోపం ఉంది. కానీ వాడు నా చెయ్యి పట్టుకుని పెట్టించలేదు. పెన్ను నా జేబులోదే. ఆ సంతకంతో ఆ రెస్టారెంటును లిస్టులోంచి కొట్టేశారు. మరో రెండు కంపెనీలు ఆ రివ్యూలు చూసి మానుకున్నాయని తర్వాత తెలిసింది. ఇంటికొచ్చి మా ఆవిడకీ అదే కథ చెప్పాను. ఆవిడ గుడిలోనూ, పుట్టినరోజు పార్టీల్లోనూ చెప్పింది. "మా ఆయన మరీ మరీ చెప్పినా వినలేదంట ఆ ఫ్రెంచివాళ్లు" అని. పదిమంది నోట్లో నాని నాని, ఆ అబద్ధం నాక్కూడా నిజంలాగే వినిపించడం మొదలెట్టింది.

రిటైరయ్యాక, అంటే ఆ శనివారం జరిగిన మూడేళ్లకి, మా ఆవిడ అడిగింది. అందరికీ చూపించారు కదా ఆ ఊళ్లు, నాకెప్పుడు చూపిస్తారు అని. కారు అద్దెకి తీసుకుని వెళ్లాం. ఆ ఊరి వైపు తిప్పకూడదనే అనుకున్నాను. మంగళవారం మధ్యాహ్నం పన్నెండుంపావుకి ఆ వీధిలో కారు ఆపి ఉన్నాను. తప్పు చేసినవాడి కాళ్లు అక్కడికే వెళ్తాయి కాబోలు.

లోపల పద్నాలుగు టేబుళ్లకి ఆరే మిగిలాయి. రెండింట్లోనే మనుషులున్నారు. ముసలావిడ నన్ను చూసి చేతులు తుడుచుకుంటూ పరుగున వచ్చింది. రెండు బుగ్గలకీ ముద్దు పెట్టి, మా ఆవిడని కుర్చీలో కూర్చోబెట్టి, నా చెయ్యి పట్టుకుని వంటగది తలుపు దగ్గరికి లాక్కెళ్లింది. తలుపు మీద ఒక కాగితం అతికించి ఉంది, నూనె మరకలతో. సోమవారం, గురువారం, శనివారం అని ఇంగ్లీషులో గుండ్రటి అక్షరాలు. ఒక్కోదాని పక్కన ఒక్కో దేవుడి బొమ్మ, త్రిశూలం, తలగుడ్డ, మూడు నామాలు. అనంతపురం హెడ్మాస్టరు గారి భార్య రాసిచ్చిన కాగితం. తెలుగు ముక్క రాని ముసల్ది ఒక్క మధ్యాహ్నంలో అడిగి తెలుసుకుంది. ఇరవై రెండేళ్లలో నేను అడగలేదు.

"ఇప్పుడు శనివారం శనగలూ కూరగాయలూ వేసి ఒక వంట చేస్తున్నాను. గుడ్డు కూడా వెయ్యను" అంది. "మీవాళ్లు మళ్లీ వస్తే తినాలి కదా. రారేం?"

నేనేదో గొణిగాను. ఆవిడ గొంతు తగ్గించింది. కిటికీ పక్కన ముసలాయన కూర్చుని వెల్లుల్లి ఒలుస్తున్నాడు. గల్లాబల్ల దగ్గర కాదు. ఫోను ఇప్పుడు వంటగదిలో గోడకి ఉంది.

"ఫోను ఇవ్వడం మానేశాను ఆయనకి. నువ్వు ఆ రోజు చెప్పావు కదా, మాంసం వద్దని. రాసుకోలేదు. పుస్తకం తీసి చూశాను, ఆ ముక్కే లేదు. నువ్వు చెప్పలేదని ఒట్టు వేశాడు. నలభై మంది అబద్ధం రాస్తారా అన్నాను. డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. డాక్టరు, ఏమీ లేదమ్మా, బుర్ర శుభ్రంగా ఉంది అన్నాడు. నేను డాక్టర్నీ నమ్మలేదు. నలభయ్యేళ్లు ఆ పుస్తకం ఆయన చేతిలో ఉంది. తీసేసుకున్నాను. అప్పట్నుంచీ నాతో సరిగ్గా మాట్లాడడు."

ఇదంతా నాకు ఓదార్పుగా చెప్తోంది. తప్పు నీది కాదయ్యా, మా ఆయనది అని నన్ను ఊరడిస్తోంది! తర్వాత వెళ్లి ప్లేట్లు తెచ్చింది. మంగళవారం కదా, మటన్. అదే మట్టిపాత్ర వంట. నా ముందొకటి, మా ఆవిడ ముందొకటి పెట్టింది. ఫోర్కు తీసుకున్నాను. మళ్లీ కింద పెట్టేశాను.

"మేడమ్, నేను ఆయనకి చెప్పలేదు" అన్నాను.

ఆవిడకి అర్థం కాలేదు.

"శనివారం వస్తామన్నాను. అదే వంట అన్నాను. ఇంకేమైనా ఉందా అని ఆయన అడిగాడు. ఇంకేం లేదన్నాను. మరిచిపోయింది నేను. కోచ్‌లో అబద్ధం చెప్పాను. తర్వాత సంతకం కూడా పెట్టాను."

మా ఆవిడకి ఫ్రెంచ్ రాదు. కానీ నా మొహం చూసింది, తలుపు మీది కాగితం చూసింది. "ఏమండీ, వీళ్లు మరిచిపోలేదా?" అంది. తల అడ్డంగా ఊపాను.

ముసలావిడ మొహం పాలిపోయింది. తర్వాత ఎర్రబడింది. "గట్టిగా చెప్పు" అంది. "ఆయనకి వినిపించేలా చెప్పు."

లేచి నిలబడ్డాను. పక్క టేబుళ్ల వాళ్లు తినడం ఆపి చూస్తున్నారు. యానాం బళ్లో పాఠం అప్పజెప్పినట్టు, కిటికీ వైపు తిరిగి, మొదటినుంచీ మళ్లీ చెప్పాను. ముసలాయన తలెత్తలేదు. చేతిలో రెబ్బ ఒలవడం పూర్తి చేసి గిన్నెలో వేశాడు.

"నాకు తెలుసు" అన్నాడు. నాతో కాదు, ఆవిడతో.

ఆవిడ నా ప్లేటు తీసేసింది. రెండు చేతులతో పట్టుకుని, ఆ రోజు ఆయన తీసుకెళ్లినట్టే, నిండు ప్లేటుని లోపలికి తీసుకెళ్లింది. మా ఆవిడ ముందున్న ప్లేటు జోలికి పోలేదు. కానీ మా ఆవిడే కుర్చీ వెనక్కి జరిపి లేచింది. నన్ను చూడకుండా చేతిసంచి భుజాన వేసుకుంది.

తలుపు దాకా వచ్చాం. వంటగదిలో ఫోను మోగింది. ఆవిడ లోపల్నుంచి ఆయన్ని పేరు పెట్టి పిలిచింది, నువ్వు తియ్యి అని. మళ్లీ పిలిచింది. మూడోసారి ఆ గొంతులో బతిమాలడం నాకు వినిపించింది.

ఆయన ఇంకో వెల్లుల్లిపాయ చేతిలోకి తీసుకున్నాడు. ఫోను మోగి మోగి ఆగిపోయింది.